రింగ్ వెళ్తోందంటే

తుఫాను వార్తలు రాసే రోజుల్లో మాకో పద్ధతి ఉండేది. బందరు ఆఫీసులో కూర్చుని దీవిసీమ ఊళ్ళకు వరసగా ఫోన్లు చేసేవాళ్ళం. ఎవరైనా ఎత్తితే జనం ఇంకా ఇళ్ళలోనే ఉన్నట్టు. ఎంగేజ్ మోత ఆగకుండా వస్తే తీగ తెగి నీళ్ళలో పడినట్టు. రింగ్ చివరిదాకా వెళ్ళి ఎవరూ ఎత్తకపోతే మాత్రం అది మంచి కబురు. ఫోన్ మోగుతోంది, ఎత్తడానికి ఇంట్లో మనిషి లేడు, అంటే తుఫాను షెల్టర్‌కు వెళ్ళిపోయారు. ‘ఇళ్ళు ఖాళీ చేశారు’ అని రాసుకుని ఇంకో ఊరికి చేసేవాళ్ళం.

తీగ గాలిలోనే తెగి వేలాడుతున్నా ఇవతలి చెవికి రింగ్ వినిపించవచ్చు. ఆ సంగతి మాకు తెలియక కాదు. కానీ దీవిలో తెగిన తీగ గాలిలో ఎక్కువసేపు ఉండదు. ఏదో ఒక కాలవలోనో, చేలోనో పడుతుంది. అందుకని మా లెక్క తప్పిన సందర్భం నాకు గుర్తులేదు.

ఈ పద్ధతి పత్రికలవాళ్ళం కనిపెట్టింది కాదు. ఉప్పెన చూసిన తరం, తర్వాత ఊళ్ళకు ఫోన్లు వచ్చాక, తనకు తాను ఏర్పరచుకున్నది. దీవిలో చుట్టాలున్న ప్రతి ఇంట్లోనూ, బందరులో గానీ గుడివాడలో గానీ, ఇదే నడిచేది. అవతలి వైపువాళ్ళకూ ఒక నియమం ఉండేది. గాలివానలో ఫోన్ మోగితేనే ఎత్తాలి, ఊరికే ఎత్తి చూడకూడదు. పిడుగు తీగ వెంట వస్తుందని భయం. చేసేవాళ్ళకు లైను ఖాళీగా దొరకాలని జాగ్రత్త.

ఆ ఫోన్లకు ఇంటి కరెంటుతో పనిలేదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి ఆ రాగి తీగలోనే కాస్త కరెంటు నడిచి వచ్చేది. ఊరంతా చీకటైపోయినా ఫోన్ మోగేది. అది ఎలా మోగుతోందో ఎవరూ అడగలేదు. మోగుతుందని మాత్రం అందరికీ తెలుసు.

నాగాయలంక దాటాక సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళో మా పెదనాన్నగారి అబ్బాయి ఉంటాడు. నాకు అన్నయ్య. సహకార సంఘంలో సెక్రటరీగా చేసి రిటైరయ్యాడు. భారీ మనిషి. వదిన గాలికి ఎగిరిపోయేట్టు ఉంటుంది. వాళ్ళకు పిల్లలు లేరు. అన్నయ్య ఒక వానాకాలంలో చేపల చెరువు గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. రాడ్డు వేశారు గానీ మళ్ళీ అడుగు వెయ్యలేదు. మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చాలన్నా ఇద్దరు మగవాళ్ళు పట్టాలి.

నేను అన్నయ్యను చూడటానికి వెళ్ళిన ఒక రోజే వాళ్ళ ఫోన్ మార్చారు. రాగి తీగలు ఇక తీసేస్తున్నామని, ఇంటర్నెట్ తీగ మీదే ఫోన్ కూడా ఇస్తామని కంపెనీ నుంచి అంతకుముందే కబురు వచ్చింది. అందులో ఆశ్చర్యం లేదు. కాలవ గట్ల వెంట కేబుళ్ళను రాగి కోసం కోసుకుపోతున్నారు. అతుకులు వేసే లైన్‌మెన్లు ఒక్కొక్కరే రిటైరైపోయారు. వాన పడితే ఫోన్‌లో గరగర తప్ప మాట వినపడటం లేదు. అవనిగడ్డ నుంచి ఒక మనిషి స్కూటర్ మీద నల్ల తీగ చుట్ట వేసుకుని వచ్చాడు. ఉత్సాహమూ విసుగూ ఏమీ లేకుండా తన పని చేసుకుంటున్నాడు.

“నంబరు మారుద్దా?” అని వదిన అడిగింది.

“మారదండీ. అదే నంబరు, అదే ఫోను. ఈ డబ్బా ఒక్కటే కొత్తది.”

“గరగర పోద్దా?”

“పోద్దండీ. పక్కింటోళ్ళ మాటలు కూడా ఇంక కలవ్వు.”

మంచం మీద నుంచి అన్నయ్య అందుకున్నాడు. “అది తీసెయ్యకయ్యా. మా ఆవిడకి కాలక్షేపం అదే.”

“మీరు నాతో నాలుగు మాటలు మాట్లాడితే పక్కింటోళ్ళవి నేనెందుకు వింటాను?” అంది వదిన.

ఆ మనిషి నవ్వుకుంటూ గోడకు డబ్బా బిగించాడు. అందులో చిన్న పచ్చ దీపాలు వెలిగాయి. ఫోన్ తీగ తెచ్చి డబ్బాకు గుచ్చాడు.

“కరెంటు పోతే?” అని అన్నయ్య అడిగాడు.

“ఇన్వర్టర్ ఉందిగా సార్?”

“ఉంది.”

“దాని లైనుకే ఇచ్చాను. ఇంకేం.”

వెళ్తూ వెళ్తూ బయటి గోడ దగ్గర పాత తీగను కటింగ్ ప్లేయరుతో తుంచేశాడు. లోపలి రెండు రాగి మొనలు గోడలోంచి ఇంత బయటికి వచ్చి ఉండిపోయాయి. అన్నయ్య కిటికీలోంచి వాటిని చూసి, “పాము నాలుకలా ఉంది తమ్ముడూ” అన్నాడు. నాకూ అలాగే కనిపించింది. ఇద్దరం నవ్వుకున్నాం.

గూట్లో అదే ఎర్ర ఫోను. దాని మీద వదిన అల్లిన అదే గుడ్డ. అదే నంబరు. మారిందనడానికి కంటికి ఆనవాలు లేదు. గాలివాన పద్ధతి గురించి ఆ రోజు ఎవరమూ మాట్లాడుకోలేదు. ఫోన్ మారలేదన్నాక పద్ధతి గురించి ఆలోచన ఎందుకు వస్తుంది? కొన్నాళ్ళకు బందరులో మా ఇంటి ఫోనూ అలాగే మార్చారు.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. మొదట ఒంగోలు వైపు అన్నారు, తర్వాత బాపట్ల అన్నారు, ఆ సాయంత్రానికి దీవి అన్నారు. అప్పటికి దీవిలో కరెంటు ఉంది. వదిన ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

“ఊరి సచివాలయం వాళ్ళు పొద్దున్నే ట్రాలీ ఆటో పంపుతారంటయ్యా. ఈయన్ని ట్రాలీలో ఎట్టా పడుకోబెడతారు? ఆ కుదుపులకి రాడ్డు నిలుస్తుందా? మా తమ్ముడికి చెప్పాను, కారు తెస్తానన్నాడు. నువ్వు కూడా వస్తే ఇద్దరూ పట్టి ఎక్కిస్తారు.”

ఆమె తమ్ముడు గుడివాడలో రొయ్యల మేత వ్యాపారం చేస్తాడు. నాకు బావ వరస. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, అయినా నన్ను ‘బావగారూ’ అనే పిలుస్తాడు. ఆ సాయంత్రమే అతనూ ఫోన్ చేసి అక్కతో అనుకున్న ఏర్పాటు చెప్పాడు. పొద్దున్నే గుడివాడ నుంచి బందరు వచ్చి నన్ను ఎక్కించుకుంటాడు. ఇద్దరం వెళ్ళి అన్నయ్యను తెచ్చి బందరులో ఆసుపత్రిలో చేరుస్తాం. బయల్దేరే ముందు అక్కకు ఫోన్ చేస్తాడు. ఒకవేళ గాలి ముందే లేచి, ఆటోలో వెళ్ళిపోవడమే మంచిదని ఆమెకు అనిపిస్తే, మాకోసం చూడకుండా వెళ్ళిపోవాలి.

“ఎత్తకపోతే వెళ్ళిపోయావనుకుంటానని చెప్పాను బావగారూ,” అన్నాడు. “అంతేగా అందరూ చేసేది.”

అంతే. నేనైనా ఆ మాటే చెప్పి ఉండేవాణ్ణి.

తెల్లవారేసరికి బందరులో కరెంటు తీసేశారు. గాలి మొదలవకముందే తీసెయ్యడం మామూలే. దీవిలో ఇంకా ముందే తీసి ఉంటారు. ఆకాశం ఇత్తడి రంగులో ఉంది. గాలి ఒకసారి బలంగా వీచి, ఆగి, ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఊరుకుంటోంది. కాకులు లేవు. బావ వచ్చేసరికి రోడ్ల మీద ఫ్లెక్సీలు చిరిగి ఎగురుతున్నాయి. గుడ్లవల్లేరు దగ్గర చెట్టు పడి ఆలస్యమైందన్నాడు.

వస్తూనే సోఫాలో కూర్చుని సెల్‌లోంచి అక్క ఇంటికి చేశాడు. అక్క దగ్గరా సెల్ ఉంది గానీ దానికి మేడ మీద మాత్రమే సిగ్నల్. ఆ వేళకి అది ‘అందుబాటులో లేదు’ అంటోంది. ల్యాండ్‌లైనుకు రింగ్ వెళ్ళింది.

“ఎత్తట్లేదు,” అన్నాడు.

“మళ్ళీ చెయ్యి.”

మళ్ళీ చేశాడు. చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. చివరిదాకా విని ఫోన్ తీసేశాడు. ముఖంలో బిగువు వదిలింది.

“వెళ్ళిపోయారు. ట్రాలీ ఎక్కనని నిన్నంతా నా ప్రాణం తీసింది, చివరికి ఎక్కింది చూడండి. మా బావని ట్రాలీలో ఊహించుకుంటే నవ్వొస్తంది.”

“ఇంకేం, టిఫిన్ తిని నిదానంగా వెళ్ళు,” అని మా ఆవిడ ఉప్మా తెచ్చింది. అతను తినడం మొదలుపెట్టాడు. పోయిన తుఫానుకు చెరువుల్లో పోయిన రొయ్యల గురించి చెబుతున్నాడు. నాకు కూడా భారం దిగినట్టే ఉంది. ఆ రింగ్ విని అలా నిమ్మళించడం నాకు చాలా ఏళ్ళ అలవాటు.

మా ఆవిడ నీళ్ళ గ్లాసు పెడుతూ అంది, “మన ఫోనేంటండీ, పొద్దుట్నించి మోగలేదు. రోజూ ఈపాటికి లోన్ కావాలా అని రెండు మూడుసార్లు చేస్తారు.”

“తుఫాన్లో కూడా లోన్లిస్తారా అక్కయ్యగారూ,” అని బావ నవ్వాడు.

నేను గోడ మీది డబ్బా వైపు చూశాను. దీపాలు లేవు. నిన్న మొన్నటిదాకా పచ్చగా మినుకుమంటూ ఉండేవి. ఇప్పుడు అది గోడకు కొట్టిన ఒక ప్లాస్టిక్ ముక్క.

“బావా, ఒకసారి మా ల్యాండ్‌లైనుకి చెయ్యి.”

“ఎందుకండీ, ఎదురుగానేగా కూర్చున్నారు.”

“చెయ్యి ముందు.”

ఎడంచేత్తో నంబరు కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“రింగ్ వెళ్తోంది,” అన్నాడు.

మా ఫోన్ మా ముగ్గురి మధ్యా స్టాండు మీద ఉంది. అది మోగలేదు.

బావ దాని వైపు చూశాడు, తన సెల్ వైపు చూశాడు. స్పీకర్ నొక్కాడు. రింగ్ హాలంతా వినిపించింది. శుభ్రంగా, గరగర లేకుండా, తీరికగా. అవతల ఎక్కడో ఒక ఫోన్ మోగుతోందని, ఎవరో నడిచి వచ్చి ఎత్తబోతున్నారని నమ్మించే శబ్దం. మా ఆవిడ వెళ్ళి మా రిసీవర్ ఎత్తి చెవిన పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. అయినా సెల్‌లో రింగ్ వెళ్తూనే ఉంది.

అన్ని కంపెనీల ఫోన్లూ ఇలాగే చేస్తాయో లేదో నాకు తెలియదు. మా దాని సంగతి మాత్రం ఇది. ఇంట్లో డబ్బా చచ్చిపోయి ఉన్నా, ఎక్కడో ఉన్న యంత్రం చేసినవాడికి రింగ్ వినిపిస్తోంది.

“వాళ్ళకి ఇన్వర్టర్ ఉంది కదండీ,” అన్నాడు బావ. అంటూండగానే అతని ముఖం మారింది. ఇంట్లోకి నీళ్ళు వస్తాయంటే దీవిలో మొదట చేసే పని మెయిన్ ఆపడం. రెండో పని షాక్ కొడుతుందని ఇన్వర్టర్ ఆపడం. వాళ్ళక్క అలాంటి విషయాల్లో ఎవరూ చెప్పేదాకా ఆగే మనిషి కాదు.

“ఉండొచ్చు, వెళ్ళిపోయీ ఉండొచ్చు,” అన్నాను.

“ఏది?”

ఆ ఊరి సచివాలయం ఉద్యోగి సెల్‌కు ప్రయత్నించాను, కలవలేదు. నేను సెల్ జేబులో పెట్టుకునేసరికి అతను ప్లేటు కింద పెట్టి తాళాలు తీసుకున్నాడు. మా ఆవిడ వద్దనలేదు. ఒక తాడు, రెండు దుప్పట్లు తెచ్చి కారులో వేసింది.

చల్లపల్లి రోడ్డంతా ఎదురు జనమే. ట్రాక్టర్లు, ఆటోలు, గేదెలు. అటు వెళ్తున్న బండి మాదొక్కటే. అరటి తోటలు అప్పుడే నేలకు ఒరిగి ఉన్నాయి. మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర ఏరు దాటుతుంటే కారు పక్కకు జరిగింది, బావ స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. కింద నీళ్ళు సముద్రం వైపు కాకుండా ఎగువకు వెళ్తున్నట్టు కనిపించాయి. అది నా భ్రమో, ఆటుపోటో తెలియదు. ఇద్దరమూ చూశాం.

మధ్యమధ్యలో అక్క ఇంటికి చెయ్యమని తన సెల్ నా చేతికి ఇచ్చాడు. చేశాను. ప్రతిసారీ రింగ్ వెళ్ళింది. అవనిగడ్డ దగ్గర ఒక పోలీసు ఆపాడు.

“అటేపు ఎవరూ లేరండీ. అందరూ వచ్చేశారు.”

“మా అక్క ఉంది.”

“ఫోన్ చేశారా?”

బావ ఒక క్షణం ఆలోచించి, “మోగింది, ఎత్తలేదు,” అన్నాడు.

“అయితే వచ్చేసినట్టేగా,” అన్నాడు పోలీసు, చాలా సహజంగా.

“లేదండీ. వచ్చినట్టు కాదు,” అన్నాడు బావ. అతన్ని ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. ఫోన్ మోగకుండానే మోగినట్టు వినిపిస్తోందని, నడిరోడ్డు మీద, ఆ గాలిలో, రెయిన్‌కోటు టోపీ పట్టుకుని నిలబడిన మనిషికి ఎలా చెబుతాం? చివరికి విసిగి, మీ ఇష్టమని వదిలేశాడు. నాగాయలంక దాటాక సెల్‌లో రింగ్ కూడా లేదు. టవర్ పోయింది. విచిత్రంగా నాకు కాస్త ఊరట కలిగింది. ఆ శబ్దం కంటే అదే నిజమైన మాటగా అనిపించింది.

ఊరు ఖాళీ. తలుపులకు తాళాలు. పలుపు విప్పేసిన దూడ ఒకటి వీధి మధ్యలో నిలబడి ఉంది. మురుగు కాలవ పొంగి అన్నయ్య వీధిలోకి వచ్చేసింది. నీళ్ళు ఉప్పు వాసన వేస్తున్నాయి. కారు అరుగు దాకా పోయింది. తలుపుకు తాళం లేదు, తోస్తే లోపల గడియ వేసి ఉంది. బావ తలుపు బాదాడు.

వదిన తీసింది. చీర మోకాళ్ళ దాకా దోపుకుని ఉంది. గదిలో చీలమండలు మునిగే నీళ్ళు. అన్నయ్య మంచం నాలుగు కోళ్ళ కిందా ఇటుకలు పెట్టి ఉన్నాయి. ఆ బరువును ఆ మనిషి ఒక్కతే, ఒక్కో కోడు కొంచెంకొంచెంగా ఎత్తి, ఎలా పెట్టిందో నాకు ఇప్పటికీ ఊహకు అందదు. ఫోన్‌ను గూట్లోంచి తీగ అందినంత మేర లాక్కొచ్చి మంచం మీద, అన్నయ్య దిండు పక్కన పెట్టింది. గాలి హోరులో మోత వినపడదేమోనని. రిసీవర్ తీరుగా దాని స్థానంలో ఉంది. మోగితేనే ఎత్తాలి కదా.

గూటి పక్కన డబ్బా. దీపాలు లేవు. ఇన్వర్టర్ స్విచ్ ఆపేసి ఉంది.

“వచ్చారా,” అన్నాడు అన్నయ్య. నవ్వబోయాడు. “ఒక ఫోన్ చేసి రాకూడదూ? కాఫీ పెట్టించి ఉంచేవాణ్ణి.”

పొద్దున ట్రాలీ ఆటో వచ్చిందని, తమ్ముడు కారు తెస్తున్నాడని చెప్పి వదినే పంపించేసిందని అప్పుడు తెలిసింది. ఆటోవాళ్ళు రెండుసార్లు అడిగారట. ఫోన్ చేసి వస్తాడు, మీరు మిగతావాళ్ళని చూసుకోండి అందిట. ఆ తర్వాత ఆ ఫోన్ పక్కనే కూర్చుంది.

కుర్చీలో కూర్చోబెట్టి తాడుతో కట్టి మోశాం. గుమ్మం దాటేటప్పుడు అన్నయ్య తొడ ఎక్కడో తగిలి అరిచాడు. ఆ అరుపు గాలిలో కలిసిపోయింది. వెనక సీట్లో అడ్డంగా పడుకోబెట్టాం, వదిన ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. బందరు దాకా వెళ్ళే ఆశ అప్పటికే వదులుకున్నాం. పక్క ఊళ్ళో ఎత్తైన స్తంభాల మీద కట్టిన షెల్టర్‌కు మళ్ళించాం. మేము వీధి చివర తిరుగుతుంటే వెనక అరుగు కనపడలేదు. నీళ్ళే కనపడ్డాయి.

షెల్టర్‌లో అన్నయ్యను నలుగురు పట్టి మెట్ల మీద నుంచి పైకి చేర్చారు. గోడ వారగా దుప్పట్లు పరిచి పడుకోబెట్టాం. ఒళ్ళు చల్లబడింది, పెదాలు నల్లబడ్డాయి, గానీ మాట్లాడుతున్నాడు. అక్కడున్న నర్సు నాడి చూసి ఫరవాలేదంది, తెల్లారాక ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. అప్పుడు వదిన తమ్ముడి వైపు తిరిగింది.

“ఎందుకు చెయ్యలేదురా?”

“చేశానక్కా. పొద్దుట్నించీ చేస్తూనే ఉన్నా.”

“మోగలేదు.”

“నాకు మోగింది.”

“ఇంట్లో నేనుంటే నీకెట్టా మోగుద్ది?”

అతను సెల్ తీసి, చేసిన ఫోన్లన్నీ వరసగా చూపించాడు. వదిన తడి చేత్తోనే అందుకుని కిందిదాకా చూసింది. తిరిగి ఇచ్చేసింది.

“దీన్లో పడితే నాకేంట్రా. నా ఇంట్లో మోగాలి గానీ.”

అప్పుడు నేను బందరులో చూసింది చెప్పాను. మా ఫోన్ ఎదురుగా పెట్టుకుని చేసిన సంగతి, అది మోగకపోవడం, ఇవతల రింగ్ వినపడటం. ఆమె నన్నే చూస్తూ వింది. సగంలో అర్థమైంది. అర్థమైనట్టు ఆమె ముఖంలో కనపడగానే నేను ఆపేశాను. తమ్ముడి మీద కోపం పోయింది. దాని స్థానంలో వచ్చింది ఇంకా పెద్దది.

గాలి ఉన్నట్టుండి తగ్గింది. హోరు ఆగింది. పిల్లల ఏడుపులు, దగ్గులు విడివిడిగా వినపడసాగాయి. తుఫాను నడిమధ్య మా మీదికి వచ్చింది. కాసేపట్లో గాలి దక్షిణం వైపు నుంచి తిరిగి లేస్తుంది, సముద్రాన్ని వెంటబెట్టుకుని. ఆ గదిలో ఉన్న ముసలివాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. చిన్నవాళ్ళు మాత్రం కిటికీల దగ్గరికి చేరి, అయిపోయిందేమో అనుకుంటున్నారు.

వదిన అన్నయ్య తలను నా ఒళ్ళోకి మార్చి లేచి నిలబడింది. గట్టిగా అరిచి మాట్లాడే మనిషి కాదు. ఆ నిశ్శబ్దంలో అరవవలసిన అవసరమూ లేదు.

“ఎవరన్నా ఉన్నారా,” అంది, “పొద్దున తమవాళ్ళకి ఫోన్ చేసి, రింగ్ వెళ్తోంది గదా, వెళ్ళిపోయుంటార్లే అని ఊరుకున్నవాళ్ళు?”

ఒకావిడ పక్కనున్న భర్త ముఖంలోకి చూసింది. తర్వాత గోడ వారగా కూర్చున్న ఒకాయన నేల మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచాడు. ఆయన వెనక ఇంకొకరు.

బావ తడిసిన చొక్కా జేబులో కారు తాళాల కోసం వెతుక్కుంటున్నాడు.